రెండు నదుల నడుమ అలంపురము

పాలమూరు పీఠభూమి దక్షిణముగా వాలుచు, బీచుపల్లి కడ కృష్ణానదిని దాటి, మరికొంత దూరము సాగి, తుంగభద్ర యొడ్డున ముగిసిపోవు తావున అలంపురమను చిన్న పట్టణము కలదు. హైదరాబాదు నుండి కర్నూలునకు 44వ నంబరు జాతీయ రహదారిపై ప్రయాణించువారు అలంపూరు చౌరస్తాను తప్పక దాటుదురు. ఊరు మాత్రము ఆ కూడలి నుండి తూర్పుగా చీలిన దారిలో, లారీల రొదకు దూరముగా, నదీతీరమున నున్నది. నవబ్రహ్మాలయములను గూర్చియు, జోగులాంబను గూర్చియు విననివారు తెలుగునాట అరుదు. కాని ఆ ఆలయముల చుట్టును జనము నివసించు ఊరొకటి కలదనియు, ఆ యూరికి వార్డులు, కౌన్సిలర్లు, ఇంటిపన్ను, నల్లా నీరు, మోరీలు, వీధిదీపములు అను నిత్యసంసార మొకటి కలదనియు దర్శనమునకు వచ్చిపోవువారు తలచుట తక్కువ. ఈ వ్యాసము ఆ యూరిని గూర్చినది. దాని నేల యెట్టిది, దాని నీరెట్టిది, దానిని పాలించువారెవరు అను మూడు ప్రశ్నలకును వేర్వేరుగా సమాధానము చెప్పుట సాధ్యము కాదు. నేలను నీటిని ఎరిగిన పాలనమే చిన్న యూరికి శ్రేయస్కరమని అలంపుర చరిత్ర అడుగడుగునను బోధించుచున్నది.

నడిగడ్డ

కృష్ణకును తుంగభద్రకును నడుమనున్న ఈ భూభాగమును జనులు నడిగడ్డ యందురు. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర, పడమట రాయచూరు సీమ, తూర్పున రెండు నదులును కలిసికొను సంగమము: ఇవి దీని ఎల్లలు. పడమటి నుండి తూర్పునకు పోవుకొలది రెండు నదులును ఒకదానికొకటి చేరువగుచు, భూమి సన్నగిల్లుచు, తుదకు కూడవెల్లి యను గ్రామము కడ కొనదేలును. అలంపురము ఆ కొనకు సమీపమున, తుంగభద్ర యెడమ గట్టుపై నున్నది. కర్నూలు మీదుగా వచ్చిన తుంగభద్ర యిచట ఉత్తరముఖముగా తిరిగి కృష్ణ వైపు సాగును. ఉత్తరవాహిని యైన నదీతీరము పుణ్యక్షేత్రమని మన పూర్వుల విశ్వాసము గనుకనే ఈ యూరు దక్షిణకాశి యను ప్రఖ్యాతిని గాంచినది. శ్రీశైలమునకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములున్నవని చెప్పుదురు గదా. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, ఉత్తరమున ఉమామహేశ్వరము కాగా, పశ్చిమద్వారము అలంపురమే. ఈ నాలిగింటిలో ఉమామహేశ్వరమును అలంపురమును పాత మహబూబునగరు జిల్లాలోనివే యగుట పాలమూరు సీమకు గర్వకారణము.

బాదామి చాళుక్యులు క్రీస్తుశకము ఏడు, ఎనిమిది శతాబ్దములలో ఇచట తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ యను పేర్లతో తొమ్మిది శివాలయములను నిర్మించిరి. వీనిలో బాలబ్రహ్మేశ్వరునకు నేటికిని నిత్యార్చన జరుగుచున్నది. చాళుక్య విజయాదిత్యుని కాలమున ఇచట ప్రాకారము కట్టబడినట్లు 713వ సంవత్సరపు శాసనము తెలుపుచున్నది. ఏటి యొడ్డున ఊరు కట్టుకొన్నవారికి గోడ యెంత యవసరమో పదమూడు వందల యేండ్లకు పూర్వమే ఇచటి పాలకులకు తెలిసి యుండెనని దీనివలన ఊహింపవచ్చును.

రెండు మహానదుల నడుమ నున్నను ఈ సీమ కరవుసీమయే యని చెప్పిన వినువారు ఆశ్చర్యపడుదురు. తెలంగాణములో వానలు తక్కువగా కురియు ప్రాంతములలో నడిగడ్డ యొకటి. నదులు లోతుగా పారును. పొలములు మిట్టపై నుండును. ఏటిలో నీరు నిండుగా పారుచున్నను గట్టుమీది నల్లరేగడి పగుళ్లు బారి యుండుట ఇచటి రైతులు తరతరములుగా చూచిన దృశ్యము. ఈ కొఱతను తీర్చుటకై నిజాము ప్రభుత్వపు చివరి దినములలో రాజోలిబండ మళ్లింపు పథకము (ఆర్డీఎస్) ఆరంభమైనది. రాయచూరు జిల్లాలో తుంగభద్రపై ఆనకట్ట కట్టి, ఎడమవైపున 143 కిలోమీటర్ల కాలువ త్రవ్వి, అలంపురము, గద్వాల ప్రాంతములలో 87,500 ఎకరములను తడుపవలెనని సంకల్పము. కృష్ణా జలములను రాష్ట్రములకు పంచిన బచావతు న్యాయమండలి ఈ పథకమున మన వైపునకు 15.9 టీఎంసీల నీటిని కేటాయించినది. అయితే కాలువ తల పొరుగు రాష్ట్రములోను, తోక మన మండలములలోను ఉండుటచే చివరి ఆయకట్టునకు చేరు నీరు కేటాయింపు కంటె మిక్కిలి తక్కువగా నుండుట పరిపాటి యైనది. ఆర్డీఎస్ నీరు వచ్చినదా యను ప్రశ్న నడిగడ్డ పల్లెలలో క్షేమసమాచారమంత సహజమైన పలకరింపు. ఈ లోటును కొంతయైన పూడ్చుటకే ఇటీవల తుమ్మిళ్ల కడ తుంగభద్ర నుండి నీటిని ఎత్తిపోయు పథకము చేపట్టబడినది.

ఏటి గీత

భూమిని చీల్చు నదికి రాజ్యములను చీల్చుట కూడ పని యైనది. 1800లో నిజాము దత్తమండలములను ఇంగ్లీషువారికి వదలుకొన్న పిమ్మట తుంగభద్ర రెండు పరిపాలనముల నడుమ గీత యైనది. 1839లో కర్నూలు నవాబు సంస్థానమును కంపెనీ కలుపుకొనగా ఆ గీత మరింత స్థిరపడినది. ఆవలి గట్టున మద్రాసు ప్రభుత్వము, కలెక్టరు కచ్చేరి. ఈవలి గట్టున నిజాము ప్రభుత్వము, తాలూకా దఫ్తరు. పండుగలు రెండు గట్టులవారికిని ఒక్కటే, పెండ్లి సంబంధములు రెండు గట్టుల నడుమ జరుగుచునే యుండెను. శాసనములును, పన్నులును, బడిలో చదువు భాషయు మాత్రము వేరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడి కర్నూలు దానికి రాజధాని యైనప్పుడు ఈ వైచిత్రి పరాకాష్ఠకు చేరినది. ఒక రాష్ట్రపు రాజధానికి పాతిక కిలోమీటర్లకు కొంచెము అటు ఇటుగా నున్న అలంపురము వేరొక రాష్ట్రమునకు చెందినదై, అందును తెలుగు జిల్లాకు గాక రాయచూరు జిల్లాకు చెందినదై యుండెను.

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమునకు పోగా, తెలుగు మాట్లాడు గద్వాల, అలంపురము తాలూకాలు విడివడి మహబూబునగరు జిల్లాలో చేరినవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము అవతరించుటతో తుంగభద్ర తిరిగి సరిహద్దైనది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అలంపురము జోగులాంబ గద్వాల జిల్లాలో భాగమైనది; ఊరి దేవత పేరు జిల్లా పేరులో నిలిచినది గాని జిల్లా కేంద్రము గద్వాల యైనది. అరువది యేండ్ల వ్యవధిలో మూడు జిల్లాల పేర్లు, మూడు రాష్ట్రముల పేర్లు ఒకే యూరి చిరునామాలో మారినవి. ఊరు మాత్రము ఉన్నచోటనే యున్నది.

ఈ సరిహద్దు తనము ఊరి సంస్కృతిని కృశింపజేయలేదు, పుష్టినొందించినది. తెలుగు, కన్నడము, ఉర్దూ ఈ మూడును విని పెరిగిన సీమ యిది. నవబ్రహ్మల చెంతనే షా అలీ పహిల్వాన్ దర్గా యుండుట ఆ సహజీవనమునకు సాక్ష్యము. గోలకొండ పత్రికను 1926లో స్థాపించి తెలంగాణపు తెలుగువారికి గొంతు నిచ్చిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ నడిగడ్డ బిడ్డ. బోరవెల్లిలో జన్మించిన ఆయన రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన తొలి పురస్కారమును 1955లో పొందినది. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సప్తమ వార్షికోత్సవములు అలంపురమున జరిగినవి. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు విచ్చేసిన ఆ సభలలోనే కాళోజీ కవితాసంపుటి ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించెను. ఆ యుత్సవముల నిర్వహణమునకు ముందు నిలిచిన గడియారం రామకృష్ణశర్మగారు తన జీవితమంతయు ఈ యూరి శాసనములకును శిల్పములకును సమర్పించిన పండితులు. ఆయన ఆత్మకథ శతపత్రము మరణానంతరము అకాడమీ పురస్కారము నందినది. మహానగరముల వనరులు లేని యొక తాలూకా కేంద్రము అంత పెద్ద సభను మోయగలిగెననిన, అది ఊరి సమష్టిశక్తికి నిదర్శనము కాక మరేమి?

మునక

అలంపురమునకు దిగువన, నల్లమల కొండలలో, 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ఆనకట్ట పూర్తి యగుచుండగా నది వెనుకకు పొంగి వచ్చుట ఆరంభమైనది. కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో వందకు పైగా గ్రామములు ముంపునకు గురియైనవి. 1981 నాటికి ఇండ్లు ఖాళీ చేయింపబడి, కూల్చివేయబడి, వేలకొలది కుటుంబములు కదలిపోయినవి. సంగమస్థలియైన కూడవెల్లిలోని సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి, ప్రతి రాతికి గుర్తు వేసి తెచ్చి, అలంపురమున తిరిగి నిలిపిరి. పాపనాశనము నందలి ఇరువది మూడు ఆలయముల సముదాయము కూడ అట్లే తరలివచ్చి ఊరికి నైరుతి దిక్కున నెలకొన్నది. నేడు సంగమేశ్వరాలయము ముందు నిలిచి చూచువాడు ఆ గోడలలోని రాళ్లు ఒకదానితో నొకటి ఎంత నేర్పుగా అతుకబడినవో చూచి శిల్పుల హస్తలాఘవమును మెచ్చుకొనును. మెచ్చుకొనవలసినదే. అయితే ఆలయములకు దొరికినంత శ్రద్ధ ఆ గ్రామముల మనుష్యులకు దొరికెనా యని అడుగుట కూడ ధర్మము. రాతికి వేసిన అంకె వలన రాయి తన తావును తిరిగి పొందినది. కుటుంబములకు ఇరుగుపొరుగు, పొలముగట్టు, ఊరి రచ్చ తిరిగి దొరకలేదు. నిర్వాసితుల కుటుంబములకు ప్రభుత్వోద్యోగముల వాగ్దానమును గూర్చిన పోరాటము దశాబ్దముల తరబడి సాగుట ఈ ప్రాంతమువారందరు ఎరిగినదే.

అలంపురము మునుగలేదు, నదివైపున కట్టిన రక్షణపు గోడయు కట్టయు దానిని కాపాడినవి. కాని 2009 అక్టోబరు తొలి దినములలో ప్రకృతి ఆ కట్టను పరీక్షించినది. కృష్ణా తుంగభద్రల పరీవాహక ప్రాంతములలో ఎడతెగని వర్షములు కురియగా శ్రీశైల జలాశయమునకు వచ్చు ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులకు చేరి, 885 అడుగుల పూర్తి మట్టమును మించి నీరు 896 అడుగుల వఱకు నిలిచినది. ఆవలి గట్టున కర్నూలు నగరము మునిగినది; ఈవలి గట్టున అలంపురములోను నీరు ఇండ్లలో చొచ్చినది, జోగులాంబ ఆలయము జలమధ్యమున నిలిచినది. ఏ కట్ట నదిని బయట నుంచుటకు కట్టబడినదో, ఆ కట్ట లోపలికి వచ్చిన నీరు బయటకు పోవుటకు అడ్డమగును. అందుచేత నదీతీరపు ఊరికి గోడ యెంత ముఖ్యమో, ఆ గోడలోని తూము, తూమునకు తలుపు, ఆ తలుపును ఏ వేళ మూయవలెనో ఎప్పుడు తెరువవలెనో తెలిసిన మనిషి అంత ముఖ్యము. ఆ మనిషి రాజధానిలో నుండడు, జిల్లా కేంద్రమున నుండడు. ఊరిలో నుండవలెను, ఊరి పాలకమండలికి జవాబుదారి కావలెను. స్థానిక ప్రభుత్వ మనగా నేమియో, అది యెందుకో తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము నాకు కానరాదు.

బల్దియా

భారతదేశమున పంచాయతీరాజ్యమునకు రాజస్థానము తొలి రంగము కాగా, మలి రంగము మన పాలమూరే. 1959 అక్టోబరులో పండిత జవహరులాల్ నెహ్రూ పాత మహబూబునగరు జిల్లాలోని షాద్‌నగరులో పంచాయతీ సమితిని ప్రారంభించిరి. అదే జిల్లా దక్షిణపు కొసన నున్న అలంపురము నాటి నుండి గ్రామపంచాయతీగా, సమితులు రద్దై 1985లో మండలములు ఏర్పడిన పిమ్మట మండల కేంద్రముగా కొనసాగినది. 2018 ఆగస్టులో తెలంగాణమున అనేక పెద్ద గ్రామములు ఒక్కుమ్మడి పురపాలక సంఘములుగా మారినప్పుడు అలంపురమును వానిలో చేరినది. 2020 జనవరి 22న తొలి ఎన్నిక జరిగినది. ఈ బల్దియాకు వార్డులు పది మాత్రమే. రాష్ట్రమునందలి మిక్కిలి చిన్న పురపాలక సంఘములలో ఇదియొకటి.

పది వార్డులు పదిమంది సభ్యులను ఎన్నుకొనును. వారు తమలోనుండి అధ్యక్షుని, ఉపాధ్యక్షుని ఎన్నుకొందురు. స్థానములలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. ఉద్యోగవర్గమునకు కమిషనరు పెద్ద. 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పన్నెండవ షెడ్యూలులో పదునెనిమిది విషయములను పట్టణ సంస్థల కొప్పగింపదగినవిగా పేర్కొన్నది. నీటి సరఫరా, పారిశుధ్యము, వీధులు, దీపములు, శ్మశానములు, జనన మరణముల నమోదు మొదలుకొని పట్టణ ప్రణాళిక, పేదరిక నిర్మూలనము వఱకు అందున్నవి. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము దీనికి మరికొన్ని చేర్చినది: బడ్జెటులో పదవవంతు పచ్చదనమునకు వెచ్చించుట, ప్రతి వార్డునకు యువకులు, స్త్రీలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు అను నాలుగు కమిటీలు, డెబ్బదియైదు చదరపు గజములలోపు స్థలములో ఇల్లు కట్టుకొను పేదవాడు ఒక రూపాయి చెల్లించి పేరు నమోదు చేసికొన్న చాలునను సౌకర్యము. ఏప్రిల్ ముగియులోపల ఆ సంవత్సరపు ఇంటిపన్ను కట్టినవారికి నూటికి ఐదు తగ్గింపు కూడ కలదు.

ఇవి మంచివి. కాని గ్రామము పట్టణమైనప్పుడు పోగొట్టుకొనున దేమియో కూడ చెప్పవలెను. గ్రామీణ ఉపాధి హామీ పనులు పంచాయతీలకే పరిమితములు. పలక మారిననాడు కూలివాని జాబుకార్డు వ్యర్థమగును. అలంపురములో పట్టణపు వృత్తులు కొలదిగా నున్నవి. జనులలో పెక్కుమంది ప్రత్తిచేలలో, మిరపతోటలలో కష్టించువారే. పొలములో పనిచేయువాని యూరిని శాసనము పట్టణమని పిలిచినంత మాత్రమున వాని వేసవి పస్తు తీరదు. ఇల్లు, పన్ను, అనుమతి యను విషయములలో పట్టణపు బరువు మీద పడి, కూలి విషయమున గ్రామపు ఆసరా జారిపోవుట చిన్న పురపాలక సంఘములన్నిటిని బాధించు సమస్య. సంఘమును ఏర్పరచుటకు జనసంఖ్య నొక్కదానినే గాక జీవనోపాధిని కూడ చూడవలెనని ఈ యనుభవము చెప్పుచున్నది.

ఎవరి చేతిలో ఏది

బాలబ్రహ్మాలయపు ప్రాకారమునకు వెలుపల, పాత వీధిలో, మట్టిగోడల ఇల్లు ఒకటి కలదనుకొందము. అట్టివి పెక్కులు కలవు. గోడ వానకు ఒరిగినది. కొడుకునకు పెండ్లి యైనది. ఒక గది కావలెను. ఇంటియజమాని బల్దియా కార్యాలయమునకు పోవును. స్థలము అరువది గజములే గనుక రూపాయి కట్టి నమోదు చేసికొనుటకు పురపాలక చట్టము అనుమతించును. కాని నవబ్రహ్మాలయములు కేంద్ర పురావస్తుశాఖ సంరక్షణలోనివి. 2010లో సవరింపబడిన ప్రాచీన కట్టడముల చట్టము ప్రకారము అట్టి కట్టడపు ఎల్ల నుండి నూరు మీటర్ల వఱకు నిషిద్ధ ప్రాంతము, అచ్చట కొత్త నిర్మాణము కూడదు. ఆపై రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతము, అచ్చట అనుమతి కావలెను. మరమ్మతునకు సైతము దరఖాస్తు ఊరు దాటి, జిల్లా దాటి పోవలెను. అలంపురపు పాత ఊరు ఆలయములకు ఆనుకొని పుట్టినది. నూరు మీటర్లనగా అది వీథి కాదు, వాడ. కట్టడములను కాపాడు శాసనము అవసరమైనది. అది లేనియెడల ఆ శిఖరముల పక్కన నేడు మూడంతస్తుల మేడలు లేచి యుండెడివి. అయినను ఆ శాసనపు భారమును జాతి యంతయు పంచుకొనక, ఆలయముల నీడన తరతరములుగా కాపురమున్న బీద కుటుంబములు మాత్రమే మోయుట న్యాయము కాదు. వారికి వేరుచోట స్థలమో, మరమ్మతునకు సులభమైన మార్గమో చూపవలెనని గట్టిగా అడుగగల సంస్థ వారి పురపాలక సంఘ మొక్కటియే.

ఇదే తీరున చూచిన, కట్టడములు పురావస్తుశాఖవి, అర్చనలు జరుగు ఆలయముల నిర్వహణము దేవాదాయశాఖది, నది యందలి నీటి మట్టము శ్రీశైలము గేట్ల కడ నిర్ణయింపబడును, కాలువ నీటిశాఖది, దాని తల పరరాష్ట్రములోనిది, రహదారి కేంద్రసంస్థది, యాత్రికుల వసతులకు ప్రసాద్ అను కేంద్ర పథకము. పెద్ద ఆసుపత్రి కావలెనన్న సమీప నగరము కర్నూలు, అది వేరు రాష్ట్రము. 2021 మే నెలలో కరోనా మహమ్మారి తీవ్రముగా నున్నప్పుడు పుల్లూరు టోల్‌గేటు కడ హైదరాబాదునకు పోవు ఆంబులెన్సులను ఆపగా, ఉన్నత న్యాయస్థానము కలుగజేసికొనవలసి వచ్చిన సంగతి సరిహద్దున బ్రతుకుట యెట్టిదో దేశమునకు చూపినది. ఇన్ని చేతుల నడుమ బల్దియాకు మిగిలినవి మోరీ, నల్లా, చెత్తబండి, దీపము, రిజిస్టరు. ఇవి అల్పములని తలచువారు పొరబడుదురు. 2020 నవంబరు 20 నుండి పన్నెండు దినములు తుంగభద్ర పుష్కరములు జరిగినప్పుడు, మహమ్మారి నడుమ, ఎన్నికై యేడాది యైనను నిండని ఈ పది వార్డుల పాలకవర్గమునకు పెక్కు జిల్లాల యాత్రికులు అతిథులైరి. పుష్కరఘట్టమునకు ప్రణాళిక వేసినవారు పైవారు కావచ్చును. అతిథి వెడలిపోయిన మరునాటి ఉదయము ఆ ఘట్టమును ఊడ్చునది ఊరి పారిశుధ్య కార్మికురాలు.

దూరపు దృష్టాంతము

యూరపులో బెల్జియము దేశపు ఫ్లాండర్సు ప్రాంతమున హెర్‌స్టాప్పె యను పురపాలక సంఘము కలదు. జనము నూటికి లోపు. ఆ దేశమునందలి సంఘములన్నిటిలో అదియే మిక్కిలి చిన్నది. డచ్చి భాషకును ఫ్రెంచి భాషకును నడుమనున్న సరిహద్దున అది యున్నది. 1962, 63 సంవత్సరములలో భాషల ఎల్లలను శాసనము స్థిరపరచినప్పుడు దానికి ప్రత్యేక ప్రతిపత్తి లభించినది. 1977లో బెల్జియము 2,359 సంఘములను కలిపి 596గా కుదించెను. 2025లో ఫ్లాండర్సులో మరికొన్ని విలీనమై మున్నూటి నుండి 285కు తగ్గినవి. ఇంతటి విలీనములలోను హెర్‌స్టాప్పె నిలిచినది. దానికి ఏడుగురు సభ్యుల మండలి, అధ్యక్షుడగు ఒక బర్గోమాస్టరు కలరు. ఆరేండ్లకొకమారు ఆ మండలి తప్పక క్రొత్తగా ఏర్పడును.

జనసంఖ్యను చూచి మనము నవ్వవచ్చును. కాని అందలి నీతి నవ్వదగినది కాదు. సరిహద్దున నున్న చిన్న యూరికి పెద్ద యూరి కంటె స్థానిక పాలనము ఎక్కువ అవసరము. దాని కష్టములు ఇరుగుపొరుగు ఊళ్ల కష్టముల వంటివి కావు గనుక. మన దేశమున వ్యతిరేక రీతి కనబడుచున్నది. పాలకవర్గపు గడువు ఐదేండ్లనియు, గడువు తీరకముందే క్రొత్త ఎన్నిక ముగియవలెననియు రాజ్యాంగము విధించినది. అయినను 2020లో ఎన్నికైన పాలకవర్గముల గడువు 2025 జనవరిలో తీరినప్పుడు ఎన్నిక జరుగలేదు. తెలంగాణమున అలంపురము మొదలగు పురములు ప్రత్యేకాధికారుల చేతికి పోయినవి. అధికారి సమర్థుడే కావచ్చును, నిజాయితీపరుడే కావచ్చును. అయితే అతనికి ఇతర బాధ్యతలు కలవు, బదిలీ కలదు, ఊరిలో ఓటు లేదు. వానకాలములో మోరీ నిండిన రాత్రి తలుపు తట్టుటకు ఒక కౌన్సిలరు ఇల్లు ఉండుటయే స్థానిక ప్రజాస్వామ్యపు ప్రథమఫలము.

చేయదగినది

చిన్న పురపాలక సంఘము పెద్దవాని అనుకరణము కారాదు. నగరములకు పనికివచ్చు వినోదోద్యానములు, స్వాగత తోరణములు, రంగుదీపముల కూడళ్లు చేసి చూపుటకంటె, తన నేలను తాను చదువుకొనుట అలంపురపు సంఘమునకు మొదటి కర్తవ్యము. 2009లో నీరు ఏ వీథిలో ఏ యెత్తున నిలిచినదో చూచినవారు ఇంకను ఊరిలో నున్నారు. వారిని వార్డునకు వార్డు పిలిచి, ఆ మట్టములను గోడలపై శాశ్వతముగా గుర్తించి, ఏ యిల్లు పల్లములో నున్నదో ఏ బడి మిట్టపై నున్నదో పటము వ్రాసికొనవచ్చును. దీనికి కోట్లు అక్కరలేదు. చట్టము చెప్పిన నాలుగు వార్డు కమిటీలలో వృద్ధుల కమిటీకి ఇంతకంటె తగిన పని యేమున్నది? శ్రీశైలములో మట్టము ఇంత యెత్తునకు వచ్చినయెడల మన తూములు మూయవలెను, మన ముసలివారిని కదల్పవలెను అని ముందుగనే వ్రాసి పెట్టుకొన్న కాగితమొకటి కార్యాలయపు గోడపై నుండవలెను.

రెండవది, ఆలయముల చుట్టు నివసించువారి జాబితాను సంఘమే సిద్ధము చేసి, ఎవరి యిల్లు నూరు మీటర్ల లోపల, ఎవరిది వెలుపల, ఎవరికి మరమ్మతు అత్యవసరము అను వివరములతో పురావస్తుశాఖ ముందుంచవలెను. ఒంటరి దరఖాస్తునకు లేని బలము ఊరి తీర్మానమునకు కలదు. మూడవది, యాత్రికుల రాకడ వలన ఊరికి పడు భారమునకు తగిన భాగము ఊరికి ముట్టవలెను. లక్షలమంది త్రాగు నీరు, విడుచు చెత్త కొన్ని వేల జనపు ఇంటిపన్నుతో మోయదగినవి కావు. నిధులు పంచువారు తలకాయలను లెక్కించునప్పుడు అతిథులను కూడ లెక్కింపవలెను. నాలుగవది, పట్టణమని పేరు పెట్టిన కూలివాడల యూళ్లకు ఉపాధి హామీ వంటిదొకటి శాసనము కల్పింపవలెను.

ఇవి అసాధ్యములు కావు. 1953లో ఒక తాలూకా పట్టణము తన పౌరుల పూనికతో దేశమునందలి మహామహులను రప్పించి సాహిత్యోత్సవమును జరుపగలిగినది. ఆ పూనికను మోరీకి, మట్టమునకు, మట్టిగోడకు మళ్లించుటయే నేటి పురపాలనము. రాష్ట్రములు ఈ యూరిని ఇటు నుండి అటు మార్చినవి, ఆనకట్టలు దీని నదిని మార్చినవి, శాసనములు దీని పేరును మార్చినవి. ఆ నిర్ణయములలో ఒక్కదానికైనను ఊరి మాటను అడిగినవారు లేరు. ఇప్పుడు ఊరికి చట్టబద్ధమైన ఒక సభ కలదు. ఆ సభకు సకాలమున ఎన్నిక, చేతికి తగిన ధనము, తన నేలను గూర్చిన సమగ్రమైన జ్ఞానము ఈ మూడును సమకూడిన నాడు, పది వార్డుల అలంపురము తన్ను గూర్చి ఇతరులు చేయు నిర్ణయములకు తలయొగ్గుట మాని, తన పక్షమున తానే మాట్లాడగలుగును. ఆ హక్కును అడుగుట పౌరుల వంతు. ఇచ్చుట ప్రభుత్వపు ధర్మము.